అరవై డ్రమ్ముల యోగ్యతా పత్రం

తాఖీదుల శాఖలో ఇంటింటికీ తాఖీదులు పంచే నలభై మోటారు సైకిళ్లకూ ఇకమీదట డీజిల్ ఇంజన్ ఆయిలే పొయ్యాలని శాఖాధిపతి గారు ఉత్తర్వు జారీ చేశారు. దీని వెనక గట్టి కారణమే ఉంది. ఆఫీసుకి ఒక పెద్ద జనరేటరు రావాలి. అది రాలేదు గానీ, దానికి పొయ్యాల్సిన ఆయిలు మాత్రం అరవై డ్రమ్ములు టంచనుగా వచ్చింది. వరండా నిండింది, రికార్డు రూము నిండింది, టైపిస్టు ఒక డ్రమ్ము మీద కూర్చుని ఇంకో డ్రమ్ము మీద మిషను పెట్టుకున్నాడు. వచ్చిన సరుకు వాడకపోతే అది పొరపాటు. వాడితే అది విధానం. ఈ సంగతి మీకు నేను కొత్తగా చెప్పాలా?

విధానానికి యోగ్యతా పత్రం కావాలి. దాని మీద షెడ్డు మెకానిక్కు సంతకం కావాలి. అతన్ని శాఖలో అందరూ స్పానరు అంటారు. పదకొండేళ్లుగా టెంపరరీ. అతన్ని పర్మినెంటు చేసే ఫైలు అప్పుడే శాఖాధిపతి గారి బల్ల మీదికి చేరింది. ఆ ఫైలుకీ యోగ్యతా పత్రానికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు, పాపం. ఒకదాని మీద ఒకటి పెట్టారు, అంతే.

స్పానరుకి నిజం తెలుసు. అది లారీలకి పోసే ఆయిలు. లారీలో క్లచ్ వేరే చోట పొడిగా ఉంటుంది, దానికీ ఇంజన్ ఆయిలుకీ పని లేదు. మోటారు సైకిల్లో అలా కాదు. ఇంజన్ బలాన్ని చక్రానికి అందించే క్లచ్ ప్లేట్లు కూడా ఇంజన్ ఆయిల్లోనే మునిగి తిరుగుతాయి. ఆ డ్రమ్ముల్లో ఉన్న రకానికి జారుడు గుణం ఎక్కువ. అది పోస్తే ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవు. ఇంజన్ గోల పెడుతుంది, చక్రం కదలదు.

ఇదే మాట భయపడుతూ భయపడుతూ శాఖాధిపతి గారి చెవిన వేశాడు. ఆయన కోప్పడలేదు. సిబ్బందినంతా హాల్లోకి పిలిపించి ఉపన్యాసమే ఇచ్చారు.

"లారీ ఎంత మోస్తుంది? పది టన్నులు. మన మెసెంజరు ఎంతుంటాడు? డెబ్భై కిలోలు. పది టన్నుల్ని లాగే ఆయిలు ఈ బక్కమనిషిని లాగలేదా? విజ్ఞానమంటే ఇదీ."

చప్పట్లు మోగాయి. బక్క మెసెంజరు లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు.

"తెలిసి తెలిసి సంతకం పెడతారా?" అంది ఆ సాయంత్రం స్పానరు భార్య.

"ముందు ఆ ఆర్డరు చేతికి రానీవే. వచ్చిన నిమిషంలో నిజం చెప్పేస్తా. పర్మినెంటు మనిషిని ఎవడేం చేస్తాడు?" అన్నాడు స్పానరు. ఆమె నమ్మింది. నిజానికి అతనూ నమ్మాడు.

సంతకం పడింది. నలభై బళ్లలోనూ ఆయిలు పడింది. వారం తిరక్కుండా ఫలితాలు కళ్లకు కట్టాయి. మెసెంజర్లు పొద్దున్నే వచ్చి బళ్లెక్కి గేటు దగ్గర గేరు వేసి ఎక్సలేటరు తిప్పుతారు. మధ్యాహ్నం దాకా మోతే మోత. భోంచేసి వచ్చి మళ్లీ ఎక్కుతారు. శాఖాధిపతి గారు కిటికీ తీయించి, కళ్లు మూసుకుని వింటారు. శాఖ ఇంత గట్టిగా పనిచెయ్యడం తన సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నారు కూడా.

ఆ నెలలో ఒక్క ప్రమాదం లేదు. ఒక్క టైరూ అరగలేదు. తాఖీదులు అందక జనం శాఖని నోరారా దీవించారు. అయినా బళ్లు ఎందుకు కదలట్లేదో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. రోడ్డు మరీ నున్నగా ఉందని కమిటీ తేల్చింది, గేటు ముందు రోడ్డు తవ్వించారు. రెండో కమిటీ ఇంకా లోతుకి వెళ్లింది. తప్పు బళ్లది కాదు, చిరునామాలు దూరంగా ఉన్నాయి, వాటిని ఆఫీసు దగ్గరికి జరపాలి అని సిఫారసు చేసింది. ఆ సిఫారసు పరిశీలనలో ఉంది.

ఈ లోపు స్పానరు పర్మినెంటు ఆర్డరు మీద సంతకం అయింది. ఇక్కడే చిక్కొచ్చిపడింది. శాఖ నిబంధన ప్రకారం ఏ ఉత్తర్వయినా శాఖ బండి మీదే వెళ్లాలి, ఇంట్లోనే చేతికి అందాలి. గడువు ఆ రోజు సాయంత్రం అయిదు గంటలు. దాటితే రద్దు. మళ్లీ టెంపరరీ.

స్పానరు సెలవు పెట్టి పొద్దుటి నుంచీ ఇంటి గుమ్మంలో కూర్చున్నాడు. ఆఫీసు మూడు వీధుల అవతలే.

"మోత దగ్గరికొస్తున్నట్టుందండీ" అంది భార్య, మూడింటికి.

"రావట్లేదు. వినపడుతోంది, అంతే."

నాలుగయ్యేసరికి ఉండబట్టలేక పరిగెత్తాడు. గేటు ముందు బక్క మెసెంజరు ఆర్డరు జేబులో పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఎక్సలేటరు తిప్పుతున్నాడు. దిగి నడవరా బాబూ అంటే, నిబంధన ఒప్పుకోదన్నాడు. పోనీ ఇక్కడే ఇచ్చెయ్యి అంటే, ఇది నివాసం కాదు కదన్నాడు. మాటకి మాట, అన్నీ నిజాలే.

స్పానరు చొక్కా చేతులు మడిచి వెనక నుంచి తొయ్యడం మొదలెట్టాడు. మూడు వీధులు, మధ్యలో ఒక ఎత్తు. మెసెంజరు ఎక్కడా కాలు కింద పెట్టలేదు, ఎక్సలేటరు వదల్లేదు. అయిదుకి ఇంకా మూడు నిమిషాలుందనగా బండిని ఇంటి ముందు ఆపి, స్పానరు లోపలికి దూరి తలుపేసుకున్నాడు. మెసెంజరు తలుపు తట్టాడు. స్పానరు తలుపు తీసి, ఎవరు కావాలండీ అని అడిగి, సంతకం పెట్టి ఆర్డరు అందుకున్నాడు.

వీధి వీధంతా గుమిగూడి చూసింది. చెమటలు కక్కుతూ బండి తోసిన మనిషిని కాదు, అతని చేతిలోని కాగితాన్ని. ఆ గుంపులో స్పానరు బావమరిది కూడా ఉన్నాడు. మందుల షాపు నుంచి రోగుల ఇళ్లకి మందులు చేరవేసే పని అతనిది. బండి కదిలితేనే అతనికి కూడు, వాళ్లకి మందు.

"బావా, అంతా ఆ లారీ ఆయిలు మహిమే అంటున్నారు. నా బండికీ పోయించమంటావా?" అన్నాడు.

భార్య స్పానరు వంక చూసింది. ఆర్డరు చేతిలోనే ఉంది. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే బక్క మెసెంజరు మంచినీళ్లు తాగుతూ, "సీనియరు మెకానిక్కు పోస్టు ఒకటి పడబోతోందంట సార్, మీ పేరే వినపడుతోంది" అన్నాడు.

"పోయించుకో. ఇంజన్‌కి బలం" అన్నాడు స్పానరు బావమరిదితో. అని భార్య మొహం చూడలేకపోయాడు. సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

నెల తిరిగేసరికి ఊరు ఊరంతా అదే ఆయిలు. కాబట్టి మందుల కోసం ఎదురుచూస్తున్న మహానుభావులారా, మీ వీధి చివర మోత వినిపిస్తే ఎవరో వచ్చేస్తున్నారని మురిసిపోకండి. చెప్పులేసుకుని వెళ్లి తొయ్యండి. ఏం, మీరు మాత్రం ఎక్కడా సంతకం పెట్టలేదా?