మద్దిచెట్టు మీద గాట్లు

పొద్దున ఒక కొస నుంచి ఎగిరిన కొంగకు సాయంత్రమైనా రెండో కొస కనబడనంత పెద్ద అడవి ఒకటి ఉండేది. ఆ అడవికి ఒక విద్యాపీఠం కూడా ఉండేది. అక్కడ అర్థశాస్త్రం, నిర్వహణశాస్త్రం చెప్పేవారు. మేత ఎవరికెంత, నీళ్లు ఎప్పుడెంత, మందను ఎలా నడపాలి, ఇవీ అక్కడి చదువులు.

అర్థశాస్త్ర శాఖలో మందరమ్మ అనే తాబేలు పని చేసేది. ఆమె పట్టుకున్నది ఒకటే ప్రశ్న. అడవి నడుమ ఉన్న మడుగు వానలు పడేదాకా ఎందుకు ఆగడం లేదు? దీనికోసం పద్దెనిమిది వేసవులు మడుగు ఒడ్డునే కూర్చుంది. ఎవరు ఏ వేళకు వస్తున్నారో, ఎంతసేపు తాగుతున్నారో, తాగి వెళ్లాక ఊట ఎంతసేపటికి తేరుకుంటోందో చూసింది. చివరికి ఒక టేకాకు మీద ఒక వ్యాసం రాసింది. అంతే, ఒక్కటే.

ఆ తర్వాత మడుగు అంచున మూడు రాళ్లు పాతింది. పై రాయి మునిగి ఉంటే ఎవరైనా ఎంతైనా తాగొచ్చు. నీళ్లు నడిమి రాయికి దిగితే మధ్యాహ్నం నుంచి పొద్దువాలేదాకా మడుగు జోలికి పోకూడదు. కింది రాయి బయటపడితే ఏనుగులు, అడవిదున్నలు ఆమడ దూరంలోని ఏటికి వెళ్లాలి. మడుగు చిన్న ప్రాణులకు వదలాలి.

అప్పటినుంచి ఏడు వేసవులు మడుగు ఎండలేదు. జంతువులు వచ్చేవి, రాళ్లు చూసేవి, తాగి వెళ్లేవి. వాటిని ఎవరు పాతారని ఎవరూ అడగలేదు. మందరమ్మా చెప్పుకోలేదు.

అలాంటి రోజుల్లో విద్యాపీఠానికి కొత్త అధిపతి వచ్చాడు. పేరు వాగీశం, జాతికి నక్క. నిర్వహణశాస్త్ర పండితుడు. ఏనాడూ నాలుగు నక్కలను ఒకచోట కూర్చోబెట్టినవాడు కాదు గానీ, మందలను నడపడం మీద ముప్పై వ్యాసాలు రాశాడు.

మొదటి సభలోనే అడిగాడు. "మన పండితుల్లో ఎవరు గొప్పో మనకెలా తెలుస్తోంది?"

"పని చూస్తే తెలుస్తుంది కదా నాయనా" అంది కరిణమ్మ. ఆమె ముసలి ఏనుగు, అడవికి పెద్ద.

"పని చూడాలంటే ఆ వ్యాసాలు చదవాలండి. చదవడానికి తీరిక ఎవరికుంది? లెక్క ఒకటి ఉంటే చాలు. చదవకుండానే తెలిసిపోతుంది."

తీరిక లేదన్న మాట కరిణమ్మకు నచ్చింది. ఆమెకు నిజంగానే తీరిక లేదు.

విద్యాపీఠం ముందున్న మద్దిచెట్టు మీద ఒక్కో పండితుడికి కొంత చోటు కేటాయించారు. ఎవరి పేరు ఎవరు ఎత్తినా, ఆ పేరుగలవారి చోటులో ఒక గాటు పడుతుంది. ఎన్ని గాట్లుంటే అంత ప్రభావం. గాట్లు పెట్టే ఉద్యోగం వడ్రంగిపిట్టకు ఇచ్చారు. ఆ పిట్ట నిజాయితీపరురాలు. వినని పేరుకు గాటు పెట్టదు, విన్న పేరుకు పెట్టకుండా ఉండదు.

నెల తిరక్కుండా విద్యాపీఠంలో మాటతీరే మారిపోయింది.

"వాగీశంగారు సెలవిచ్చినట్టు, ఇవాళ ఎండగా ఉంది" అనేది నెమలి.

"నెమలిగారు నిరూపించినట్టు, ఇవాళ ఎండగానే ఉంది" అనేది చిలక.

"ఈ ఎండ విషయంలో చిలకగారి కృషి మరువలేనిది" అనేవాడు కొమ్మారావు. ఆయన కోతి. పొద్దున ఒక వ్యాసం, మధ్యాహ్నం ఒక వ్యాసం రాసేవాడు. మధ్యాహ్నం రాసినదాంట్లో పొద్దుటిదాన్ని మెచ్చుకునేవాడు.

వడ్రంగిపిట్టకు ముక్కు నొప్పి పుట్టింది. ఏడాది తిరిగేసరికి వాగీశానికి మూడువందల గాట్లు, కొమ్మారావుకు రెండువందల పన్నెండు, నెమలికీ చిలకకూ చెరో నూటయాభై.

అప్పుడు మందరమ్మను పిలిపించారు.

"పద్దెనిమిది వేసవులమ్మా" అన్నాడు వాగీశం, టేకాకును అటూ ఇటూ తిప్పి చూస్తూ. "ఒక్క ఆకు."

"ప్రశ్న ఒక్కటేనండి" అంది మందరమ్మ.

"మరి గాట్లెన్ని?"

వడ్రంగిపిట్ట చెట్టు వైపు చూసి తల దించుకుంది. "ఆవిడ చోటు నున్నగా ఉందండి."

"అడవంతా ఆ రాళ్లు చూసే తాగుతోంది కదండీ" అంది మందరమ్మ.

"తాగితే లెక్కలోకి రాదమ్మా. మాట్లాడితేనే వస్తుంది. ఇది నా మాట కాదు, నియమం."

ఆమెను మడుగు ఒడ్డు నుంచి తప్పించి, మడుగు సంగతి చూసే ఆమె పీఠం కొమ్మారావుకు ఇచ్చారు. మందరమ్మ వాదించలేదు. వాదించడం ఆమెకు రాదు. చూడటం ఒక్కటే వచ్చు. వెళ్లేముందు మడుగు దగ్గర కాసేపు ఆగింది. నీళ్లు పై రాయికి రెండు వేళ్ల కింద ఉన్నాయి. ఆ సంగతి ఎవరికి చెప్పాలో తెలియలేదు. కొండ అవతల సన్నటి సెలయేరు ఒకటి ఉంటే అక్కడికి నడిచింది. చేరడానికి పదకొండు రోజులు పట్టింది. దారి పొడుగునా ఆమెకు ఆ రెండు వేళ్లే గుర్తొస్తూ వచ్చాయి.

కొమ్మారావు వస్తూనే రాళ్లు పీకించేశాడు. పాత సిద్ధాంతం తాలూకు గుర్తులు కళ్ల ముందుంటే కొత్త ఆలోచన పుట్టదన్నాడు. నిజానికి ఆయనకు కొత్త ఆలోచన ముందే పుట్టింది. ఎంత ఎక్కువ తాగితే ఊట అంత ఎక్కువ ఊరుతుందని. అడవికి ఈ సిద్ధాంతం బాగా నచ్చింది. ఏనుగులు మధ్యాహ్నం కూడా దిగి స్నానాలు చేశాయి. దున్నలు రోజంతా బురదలో పొర్లాయి. ఆ ఒక్క వ్యాసానికే ఎనభై గాట్లు పడ్డాయి.

వేసవి సగంలోనే మడుగు అడుగు కనబడింది. నాలుగు రోజులకు ఆ బురద కూడా బీటలిచ్చింది. ఏరు ఆమడ దూరం, ఆ ఎండలో అంత దూరం నడవడానికి ఎవరూ తెగించలేదు.

కరిణమ్మ పండితుల సభ పెట్టించింది. చుట్టూ జంతువులన్నీ నాలుకలు వేలాడేసుకుని నిలబడ్డాయి. సభకు వస్తూ వస్తూ దారిలోనే రెండు లేళ్లు పడిపోయాయి, మళ్లీ లేవలేదు.

"తాగితే ఊరుతుందన్నావు. నీకెలా తెలుసు?" అని కరిణమ్మ కొమ్మారావును అడిగింది.

"చిలకగారి వ్యాసంలో స్పష్టంగా ఉందండి."

చిలక గొంతు సవరించుకుంది. "నేను నెమలిగారి వ్యాసం నుంచి తీసుకున్నాను."

"నాకు వాగీశంగారు చెప్పారు" అంది నెమలి.

వాగీశం నెమ్మదిగా అన్నాడు. "నేను కొమ్మారావుగారి మీద ఆధారపడ్డాను. మడుగు పీఠం ఆయనది కదండీ."

కరిణమ్మ ఒక్కొక్కరి వంకా వరుసగా చూసింది. తరువాత, "మీ నలుగురిలో ఎవరైనా మడుగు వంక చూశారా?" అని అడిగింది.

"చూడటం మా పద్ధతి కాదండి" అన్నాడు కొమ్మారావు.

"ఇంతకు ముందు చూసినావిడ ఎక్కడుంది?"

కొండ అవతల ఉందని వడ్రంగిపిట్ట చెప్పింది. కరిణమ్మ ఎవరినీ పంపలేదు. తనే బయలుదేరింది.

మందరమ్మ సెలయేటి ఒడ్డున కూర్చుని నీళ్లను చూస్తోంది. కరిణమ్మ ఎదురుగా మోకాళ్ల మీద కూలబడింది.

"మడుగు పోయింది మందరమ్మా."

"ఎప్పుడు?"

"ఆరు రోజులైంది."

మందరమ్మ కళ్లు మూసుకుంది. ఏడుస్తోందేమో అనుకుంది కరిణమ్మ. లెక్క వేస్తోంది.

"ఇక వాన పడేదాకా అది ఊరదు" అంది చివరికి. "ఈ సెలయేరు అందరికీ చాలదు, ఒక్క పూటలో అయిపోతుంది. ఏటికి వెళ్లాల్సిందే. పొద్దువాలాక నడవండి. మీ ఏనుగులు ముందు నడిచి పొదలు తొక్కి దారి చేయాలి. ముసలివాళ్లనూ పిల్లలనూ నడుమ పెట్టండి. అంత దూరం నడవలేనివాళ్లను మాత్రం ఇక్కడికి పంపండి, వాళ్లకు ఇది సరిపోతుంది."

"మాతో రావా?"

"నేనొస్తే మీరు చేరేసరికి వానలొస్తాయి" అంది మందరమ్మ. మళ్లీ నీళ్ల వైపు తిరిగి, "నన్నెందుకు తీసేశారో ఇప్పటికైనా తెలిసిందా అమ్మా?" అని అడిగింది.

"నాకు తీరిక లేక" అంది కరిణమ్మ.

చెప్పినట్టే నడిచారు. చాలామంది ఏరు చేరారు. అందరూ కాదు. కరిణమ్మ తన చెల్లెలిని దారిలోనే వదిలి రావలసి వచ్చింది.

వానలు పడ్డాక అడవి తిరిగి వచ్చింది. కరిణమ్మ తన తొండంతో మందరమ్మను ఎత్తుకొచ్చి మడుగు ఒడ్డున దింపింది. వెతికి తెప్పించిన మూడు రాళ్లూ మందరమ్మ చెప్పిన చోట తనే పాతింది. కొమ్మారావు, చిలక, నెమలి విద్యాపీఠం వదిలి పళ్లచెట్ల వైపు వెళ్లిపోయారు. వాగీశాన్ని పొలిమేర దాటించారు.

అడవి మాత్రం అతన్ని మరిచిపోలేదు. లేళ్లు పొద్దున్నే వాగీశాన్ని తిట్టుకుని మేతకు వెళ్లేవి. దున్నలకు కాలు బెణికినా వాగీశమే కారణం. పిల్లలు నిద్రపోకపోతే తల్లులు "అదిగో వాగీశం" అని భయపెట్టేవారు. విన్న ప్రతిసారీ వడ్రంగిపిట్ట చెట్టెక్కి ఒక గాటు పెట్టేది. ఇదేమిటని ఎవరో అడిగితే, "పేరు ఎత్తితే గాటు పెట్టమన్నారు. ఎందుకెత్తారో చూడమనలేదు. నా ఉద్యోగం ఇంకా ఎవరూ తీసేయలేదు" అంది.

ఏడాది చివర పిట్ట కరిణమ్మ ఎదుట లెక్క చదివింది. వాగీశం, నాలుగువేల ఆరువందలు. మందరమ్మ, ఒకటి. ఆ ఒక్కటీ కరిణమ్మ ఆవేళ సెలయేటి ఒడ్డున పిలిచిన పిలుపు, కొండ మీదుగా పిట్ట చెవిన పడింది.

"ఇంతేనా? రోజూ ఆ రాళ్లు చూసే కదా తాగుతున్నారు" అంది కరిణమ్మ.

"రాళ్లు కనబడుతున్నాయి కదండీ, ఇక పేరెందుకు?" అంది పిట్ట.

మందరమ్మకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే తీరిక లేదు. ఆ రోజు నీళ్లు నడిమి రాయికి దిగుతున్నాయి.

పొరుగు అడవివాళ్లు తమ విద్యాపీఠానికి అధిపతి కోసం వెతుకుతూ మద్దిచెట్టు దగ్గరికి వచ్చారు. గాట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. ఇంత ప్రభావం ఉన్న పండితుణ్ని ఈ అడవి ఎలా వదులుకుందని ఆశ్చర్యపోయారు. మరుసటి వారమే వాగీశాన్ని పూలదండలతో తీసుకెళ్లారు. వాళ్లకూ ఒక మడుగుందట.

నీతి: పేరు నిలవాలంటే మడుగు కాపాడనక్కర్లేదు, ఎండగడితే చాలు.