మిగిలినది వండినవారిది

ఆ ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు భోజనాల బల్ల దగ్గర హాజరైనవారు వరుసగా వీరు: తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన ఇంటి యజమాని, ఆయనకు కుడివైపున కుమారుడు, ఎడమవైపున కోడలు, ఎదురుగా, ఎవరూ పిలవకపోయినా కాఫీ వేళకు సరిగ్గా వచ్చిన బావమరిది. ఈ చివరి వ్యక్తి వృత్తిరీత్యా దర్జీ. ఇల్లాలు పొయ్యి దగ్గర నిలబడి ఉన్నందున ఆమెను హాజరైనట్టు పరిగణించవచ్చునా లేదా అన్న ప్రశ్న ఆనాడు ఎవరికీ తోచలేదు.

చర్చకు వచ్చిన విషయం ఒక్కటే. ఇన్‌స్పెక్టరుగారి రక్తంలో చక్కెర పెరిగింది. ముప్పై రోజుల్లో నాలుగు కిలోలు తగ్గకపోతే రోజూ పొట్టలో ఇంజెక్షను తప్పదని డాక్టరు తేల్చి చెప్పాడు. వర్తకులు చాటుగా 'మిల్లీగ్రాము' అని పిలుచుకుని గడగడలాడిన ఆ మనిషికి లోకంలో భయమంటూ ఉన్నది సూది ఒక్కటే.

"రేపటి నుంచి ఈ ఇంట్లో తూచకుండా ఏదీ పొయ్యెక్కదు, తూచకుండా ఏదీ పళ్ళెంలోకి రాదు. ప్రతి ముద్దకూ కేలరీలు కట్టి రాస్తాను," అని ఆయన ప్రకటించారు.

"కూరలో వేసే నూనె కూడానా అండీ?" అని పొయ్యి దగ్గరి నుంచి ప్రశ్న వచ్చింది.

"సీసాను ముందు తూస్తాను, నువ్వు వేశాక మళ్ళీ తూస్తాను. తేడా రాసుకుంటాను."

"మరి ఉప్పు చూడటానికి అరచేతిలో కాస్త వేసుకుంటాను కదా, దాని సంగతి?"

"తరుగు కింద ఐదు గ్రాములు ఇస్తాను."

"బావగారూ, మా అక్క చేతిని కూడా ముందోసారి వెనకోసారి తూచేస్తే పోలా?" అన్నాడు దర్జీ.

"నీ కాఫీ అయిపోయిందిగా. ఇక బయలుదేరు."

"అందులో చక్కెర ఎన్ని గ్రాములో రాసుకున్నారా మరి?"

దర్జీని సాగనంపి ఇన్‌స్పెక్టరుగారు పనిలోకి దిగారు. సాయంత్రానికల్లా ఇంట్లోని ప్రతి గిన్నె అడుగునా దాని ఖాళీ బరువు ఎర్రరంగుతో రాసి ఉంది. పద్ధతి సులువైనదే. వండిన గిన్నెను తూచి ఖాళీ బరువు తీసివేస్తే వంటకం బరువు వస్తుంది. తనకు, కొడుక్కు, కోడలికి వడ్డించిన పళ్ళేలను ఒక్కొక్కటిగా తూచి రాయాలి. నాలుగో పళ్ళేన్ని తూచే వీలు లేదు, ఇల్లాలు అందరూ లేచాక తింటుంది. అందుకు శాఖలోనే ఒక సూత్రం ఉండేది: గోదాములో బయటికి పోయినట్టు రాయనిదంతా గోదాము కాపలాదారు పేరు మీద పడుతుంది. ఆయన దానినే వంటింటికి వర్తింపజేసి, పుస్తకం మొదటి పేజీలో 'మిగిలినది వండినవారిది' అని రాసి కింద గీత గీశారు.

వారం తిరిగేసరికి ఆయన రోజువారీ సగటు పద్నాలుగు వందల కేలరీలు. ఇల్లాలిది రెండువేల ఆరువందలు. ఆయన మూడుసార్లు కూడి చూశారు. మూడుసార్లూ అదే వచ్చింది.

"నిన్ను అనడం కాదు కానీ," అని ఆ సాయంత్రం పుస్తకం ఆమె ముందు పెట్టారు, "నువ్వు కూడా కాస్త చూసుకోవాలి."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఆ అంకెను చాలాసేపు చూసింది. "నేనా? ఇంతా?"

"అంకెలకు నీ మీద పగ ఏముంటుంది?"

ఆమె కళ్ళజోడు తీసి, తుడుచుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

విషయం కోడలి చెవిన పడింది. కోడలు భర్తతో గుసగుసగా అంది: "అత్తయ్య దిగులుతో తింటున్నట్టున్నారండీ. మామయ్యగారి జబ్బు ఆవిడని లోపల తినేస్తోంది." కొడుకు డాక్టరుకు ఫోను చేశాడు. డాక్టరు రోగిని చూడకుండానే, పుస్తకంలోని అంకె విని, ఆవిడను పన్నెండు వందలకు దించమన్నాడు. మర్నాటి నుంచి బిస్కెట్ల డబ్బా కోడలి గదిలోకి మారింది. కొడుకు ఆఫీసు నుంచి ఫోను చేసి, "అమ్మా, ఏం తిన్నావు?" అనడానికి బదులు "అమ్మా, ఏమీ తినలేదు కదా?" అనడం మొదలుపెట్టాడు.

పదిహేనో రోజున ఇన్‌స్పెక్టరుగారు బరువు చూసే మిషను ఎక్కారు. కిలో పెరిగారు. పుస్తకం తప్పు చెప్పదు గనుక తప్పు మిషనుదే అని నిర్ణయించి, దాని మీద ఎర్రరంగుతో అడ్డగీత కొట్టి అటక మీదికి ఎక్కించారు. ఎదురింటి లెక్కల మాస్టారి మిషను తెప్పించారు. అదీ అదే అంకె చూపింది. దాని మీద కూడా అడ్డగీత కొట్టారు. వస్తువును ఆ రూపంలో తిరిగి అందుకున్న మాస్టారు గేటు దగ్గర పలకరించడం మానేశారు.

చివరికి పాత ఇనుము కొనే కొట్టుకు వెళ్ళి, బస్తాలు తూచే కాటా మీద నిలబడ్డారు. కిలో కాదు, రెండు కిలోలు.

"ఈ కాటా సరిగ్గా లేదు," అన్నారు.

"అయ్యా, దీని మీద ముద్ర వేసింది తమరే," అన్నాడు కొట్టతను వినయంగా. "మామూలుగా కాటా ఎక్కినదాన్ని మేం తిరిగివ్వం. తమరు కాబట్టి దిగమంటున్నా."

తన ముద్రను తాను కాదనలేక ఆయన నడిచి ఇంటికి వచ్చారు. జీవితంలో మొదటిసారి రెండు సరైన అంకెలు ఒకదానినొకటి కాదంటున్నాయి. గడువు దగ్గర పడుతోంది. రాత్రింబవళ్ళు కళ్ళ ముందు సూదే.

ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం దర్జీ బట్టల మూట చంకన పెట్టుకుని వచ్చాడు.

"బావగారూ, మీ ప్యాంట్లు నడుం దగ్గర అంగుళమున్నర వదిలాను. అక్క జాకెట్టు రెండంగుళాలు లోపలికి పట్టాను. ఇప్పుడు చెప్పండి, పద్నాలుగు వందలు ఎవరికి, రెండువేల ఆరువందలు ఎవరికి?"

"టేపు సాగి ఉంటుంది."

"ఒకే టేపు మీకు కుంచించుకుపోయి, అక్కకి సాగుతుందా? మీ పుస్తకం ప్రకారం మా అక్క ఈపాటికి ఈ గుమ్మంలో పక్కకి తిరిగి రావాలి. ఒక్కసారి మనిషి వైపు చూడండి, పుస్తకం వైపు కాదు."

ఇన్‌స్పెక్టరుగారు పుస్తకం తీసుకుని లేచారు. కానీ భోజనాల వేళ, ఉద్యోగంలో వర్తకుల మీద ప్రయోగించిన పాత ఉపాయాన్ని ఇంట్లో ప్రయోగించారు. పళ్ళెం తూచి పక్కన పెట్టుకున్నారు. రాయడం పూర్తయ్యేదాకా ముద్ద ముట్టకూడదన్నది ఆయన నియమం. ఎనిమిది గడులు నింపడానికి పావుగంట పట్టేది. ఆ వేళ పుస్తకం మీదికి వంగి, కలం ఉత్తినే కదుపుతూ, కళ్ళజోడు పైనుంచి పళ్ళేన్ని గమనించారు.

వెనకనుంచి గరిటె వచ్చింది. వేడివేడి అన్నం పడింది. గరిటె వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, ఈసారి కూరతో. మూడోసారి వచ్చిన చేతిని ఆయన పట్టుకున్నారు.

"ఇదేమిటి?"

"చల్లారిపోతోందండీ. మీరు రాసి ముగించేసరికి అన్నం రాయి అయిపోతోంది. పైన కాస్త వేడిది వేస్తే తప్పా?"

"రోజూనా?"

"రోజూ చల్లారుతోంది మరి."

"మరి నువ్వు?"

"మిగిలింది తింటున్నా."

ఆయన లేచి వెళ్ళి గిన్నెను త్రాసు మీద పెట్టారు. అడుగున ఎర్రరంగుతో ఎంత రాసి ఉందో, ముల్లు సరిగ్గా అక్కడే నిలబడింది.

"ఆకలి వేయడం లేదా నీకు?" అన్నారు.

"ఎందుకు వేయదు? రెండువేల ఆరువందలు తిన్నానని మీరు సంతకం పెట్టి రాసుకున్నారు. పిల్లలు బిస్కెట్లు దాచారు. ఇక ఆకలేస్తోందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

కోడలు తల వంచుకుంది.

ఇన్‌స్పెక్టరుగారు తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, పళ్ళెం ఆమె ముందుకు జరిపారు.

"మరి మీరు?" అంది ఆమె.

"నేను తిన్నాను. ఇరవై ఎనిమిది రోజులుగా నీది కూడా తింటూనే ఉన్నాను."

మర్నాడు డాక్టరు ఇద్దరినీ తూచాడు. కిందటి నెల తోడు వచ్చిన ఇల్లాలి బరువు కూడా కాగితం మీద ఉంది. ఇన్‌స్పెక్టరుగారు రెండున్నర కిలోలు పెరిగారు. ఇంజెక్షను తీసుకునేటప్పుడు ఆయన అరవలేదు, భార్య మణికట్టు పట్టుకున్నారు. అది ఎంత సన్నబడిందో తెలుసుకోవడానికి ఆయనకు ఏ త్రాసూ అక్కర లేకపోయింది.

ఇంటికి వచ్చాక మొదటి పేజీలోని సూత్రాన్ని కొట్టివేసి, పుస్తకం చివరి పేజీలో ఇలా రాసి, తేదీ వేసి, సంతకం చేశారు:

"డాక్టరుగారు నిర్దేశించిన నాలుగు కిలోలు, ఒక్క గ్రాము కూడా లోపించకుండా, నిర్ణీత గడువులోపల ఈ ఇంట తగ్గించబడినవి. ఆ కార్యమును నాకు బదులుగా, నాకు తెలియకుండా, నా భార్య ఒంటరిగా నిర్వహించినదని ఇందుమూలముగా కృతజ్ఞతతో అంగీకరించుచున్నాను."