పన్నెండంతస్తుల మీద పెత్రమాస

ఆ రోజు ఉదయం ఎల్లేశం వేసుకున్న పథకంలో పోలీసులు ఎక్కడా లేరు. స్నానం చేయాలి, పోయిన చలికాలంలో కన్నుమూసిన భార్య సత్తవ్వ పేరు మీద ఇంత వండాలి, డాబా మీద పెట్టాలి, కాకి ముట్టాక తానూ నాలుగు మెతుకులు తినాలి. పెత్రమాస నాడు, అంటే పెద్దల అమావాస్య నాడు, మందమర్రిలో ఎవరైనా చేసేది ఇదే. చిక్కల్లా ఎల్లేశం మందమర్రిలో లేడు.

గల్ఫ్‌లో ఒక పెద్ద నగరంలో, కూతురు స్వరూప ఫ్లాటులో ఉన్నాడు. మందమర్రి వాళ్లందరూ ఆ ఊరిని దుబాయ్ అనే అంటారు గానీ అది దుబాయ్ కాదు. స్వరూప అక్కడి ఆస్పత్రిలో నర్సు. "క్వార్టర్ల ఒక్కనివే ఉండి ఏం జేస్తవ్ బాపు, కొన్నొద్దులు నా తాన ఉండు" అని తీసుకొచ్చింది. తీసుకొచ్చిన మర్నాడే డ్యూటీకి వెళ్లిపోయింది. అక్కడా ఒక్కడే, ఇక్కడా ఒక్కడే. కాకపోతే ఇక్కడ ఏసీలో ఒక్కడు.

బొగ్గుబావిలో అంత చీకట్లోనూ పక్కన ఎవరో ఒకరు మాట్లాడుతుండగా బతికిన మనిషి ఆయన. ఈ మేడలో లిఫ్టు ఎక్కిన ప్రతివాడినీ "ఏ ఊరు?" అని అడిగి చూశాడు. అందరూ ఫోన్లలోకి తల దూర్చేవారు. చివరికి లిఫ్టులో అంతస్తుల నంబర్లు చెప్పే ఆడగొంతుకు "మంచిది బిడ్డా" అని జవాబివ్వడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల కూడా రెండో మాట మాట్లాడేది కాదు.

సత్తవ్వకు సర్వప్ప అంటే ప్రాణం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకు అద్ది కాల్చే ఆ రొట్టెను ఎల్లేశం బతుకంతా తిన్నాడే తప్ప ఏనాడూ చేసి ఎరగడు. ఎట్లాగో తంటాలు పడి చేశాడు. అన్నం, పప్పు, రెండు సర్వప్పలు పళ్లెంలో సర్ది, తెల్లధోవతి కట్టుకుని డాబా ఎక్కాడు.

పిట్టగోడ మీద పళ్లెం పెట్టి "కావ్ కావ్" అన్నాడో లేదో, ఎక్కడి నుంచి దిగాయో గానీ పావురాల గుంపు దిగింది. "మీకు గాదు, పోండ్రి! మీకెవలు పెట్టిండ్రు?" అని రెండు చేతులూ రెక్కల్లా ఊపుతూ పిట్టగోడ పొడుగునా ఉరికాడు. ఎదుటి మేడ బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఒకామె ఆ ఊపుడు చూసి, చేతిలో బట్ట జారవిడిచి ఫోన్ అందుకుంది. ఆ సంగతి ఎల్లేశానికి తెలియదు. ఆయన చూపంతా ఆమె మేడ మీది డిష్ గొడుగుపై వాలిన ఒకే ఒక్క కాకి మీద ఉంది.

అది పళ్లెం చూసింది. మొహం తిప్పుకుంది.

ఎల్లేశం పళ్లెం ఇంకాస్త ముందుకు జరిపాడు, అయినా రాలేదు. కాకి ముట్టలేదంటే పోయినవాళ్ల మనసులో ఏదో కొరత మిగిలినట్టు. అదేమిటో కనిపెట్టి, తీరుస్తానని మాటివ్వాలి. అప్పుడుగానీ కాకి దిగదు. ఇది సత్తవ్వకు మొదటి పెత్రమాస. ఆమె ఆకలితో వెనక్కి పోతే తాను ఇంకెన్నడైనా అన్నం ఎట్లా తినగలడు? కాకికి ఇంకాస్త దగ్గరగా ఉంటుందని పిట్టగోడ పక్కనున్న సిమెంటు దిమ్మె ఎక్కి, పళ్లెం పైకెత్తాడు.

"నీ తమ్మునితోని మాట్లాడుతనే. పొలంగట్టు లొల్లి ఇడిసిపెట్టిన, తియ్!"

కాకి కదలలేదు.

"బాసర తోల్కపోత అని తోల్కపోలే. తప్పైంది. ఇగ బీడీ ముట్టను. సత్తెంగ ముట్టను!"

కాకి ముక్కుతో రెక్క గోక్కుంది. ఎల్లేశానికి ఏడుపొచ్చింది. కన్నీళ్లతో, చేతులు పైకెత్తి, పన్నెండంతస్తుల మేడ అంచున నిలబడి ఆకాశంతో మొరపెట్టుకుంటున్న ముసలాయన కింది నుంచి ఎట్లా కనిపించాలో అట్లాగే కనిపించాడు. ట్రాఫిక్ ఆగింది. ఫైరింజన్ వచ్చింది. నలుగురు మనుషులు పెద్ద గాలిపరుపు ఒకటి ఊదడం మొదలుపెట్టారు. ఎల్లేశం ఒకసారి కిందికి చూసి, ఏదో పెళ్లికి టెంటు వేస్తున్నారనుకున్నాడు.

అంతలో వెనక నుంచి మెత్తటి గొంతు వినిపించింది. "చాచా, నేను సాలెం. పోలీసు. భయపడకండి."

సాలెం కుర్రవాడు. చిన్నప్పుడు ఇంట్లో హైదరాబాదు డ్రైవర్ దగ్గర పట్టుబడిన ఉర్దూ కొంత ఉంది. ఎల్లేశానిది బావిలో నేర్చిన హిందీ. రెండూ కలిపినా ఒక పూర్తి భాష కాదు గానీ, పని నడిచింది.

"ఎవరితో మాట్లాడుతున్నారు చాచా?"

"నా ఇంటిదానితోని."

"ఆమె ఎక్కడుంది?"

ఎల్లేశం డిష్ గొడుగు వైపు వేలు చూపించాడు. సాలెం అటు చూశాడు. కాకి సాలెంను చూసింది.

"ఆమె... ఎప్పటి నుంచి అట్లా ఉంది?"

"పోయిన చలికాలం సచ్చిపోయింది సార్. ఇయ్యాల్ల అన్నానికి పిలుస్తున్న. అలిగింది, వస్తలేదు."

సాలెం ఇంకో అడుగు దగ్గరికి వేశాడు. "ఇప్పుడు ఆమెతో ఏమంటున్నారు?"

ఎల్లేశం అబద్ధమాడే మనిషి కాదు. "ఒక్కసారి వచ్చిపోయే, నువ్వు రాకుంటే నేనే నీ దగ్గరికి వస్త అంటున్న."

సాలెం భుజానికున్న రేడియోలో గబగబా ఏదో అన్నాడు. కింద పరుపు ఊదేవాళ్లు రెండింతలు వేగంగా ఊదారు.

"అట్లా అనొద్దు చాచా. దిగండి. ఇంత తిందురుగాని."

"సత్తవ్వ తినంది నేనెట్ల తింట? పొద్దుగాల్నుంచి మంచినీళ్లు గూడ ముట్టలే" అంటూనే ఎల్లేశానికి కళ్లు తిరిగాయి. ఒళ్లు తూలింది. సాలెం ఒక్క ఉరుకులో వచ్చి చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో పళ్లెం లాక్కుని పిట్టగోడ మీద పెట్టాడు. "నేనున్నాను కదా చాచా. మనిద్దరం కూర్చుని చాయ్ తాగుదాం రండి" అంటూ వెనక్కి నడిపించాడు. మరో ఇద్దరు వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు, సాలెం వెనకే ఆగాడు. "పళ్లెం! గా పళ్లెం!" అని ఎల్లేశం మెడ తిప్పే లోపల లిఫ్టు తలుపు మూసుకుంది.

స్టేషన్లో చాయ్ ఇచ్చారు, వద్దన్నాడు. ఖర్జూరాలు పెట్టారు, వద్దన్నాడు. అన్నం తెప్పించారు, మొహం గోడకు తిప్పుకున్నాడు. ఇదేదో నిరాహార దీక్ష అనుకుని పెద్ద అధికారి డాక్టరుకు కబురు పెట్టాడు. ఆ డాక్టరు కంటే ముందు స్వరూప, నర్సు బట్టల్లోనే ఉరికొచ్చింది.

"బాపూ! ఏం పనే ఇది? నా పానం పోయిందనుకో!"

"ఇయ్యాల్ల పెత్రమాస బిడ్డా."

స్వరూపకు ఆ మాటే గుర్తు లేదు. "మరి నాకెందుకు సెప్పలే?" అంది, గొంతు సగానికి తగ్గించి.

"ఎప్పుడు సెప్పాలె? నేను లేసెసరికి నువ్వు పోతవ్. నువ్వొచ్చెసరికి నేను పండుకుంట. ఈడ నాతోని మాట్లాడేది గా లిఫ్టు ఒక్కటే." ఆ మాట అని ఎల్లేశం కళ్లు తుడుచుకున్నాడు. "మీ అవ్వ ఉపాసం పోయిందే. నా చేతి కూడు ముట్టలే."

స్వరూప బాపు పక్కన కూలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి పెద్ద అధికారికి కాకి సంగతంతా విడమరిచి చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, మేడ మీంచి దూకబోయాడన్న కేసు అక్కడితో ముగిసిందన్నాడు. ఆపైన గొంతు సవరించుకుని ఇంకో మాట చెప్పాడు. సాలెం తలవంచుకుని దాన్ని ఎల్లేశానికి వివరించాడు.

"చాచా, ఈ ఊళ్లో కాకులకు మేత వేయడం నేరం. దానికి జరిమానా ఉంది. ఆ కాకి మీ పళ్లెంలో తింటుండగా నేనే కళ్లారా చూశాను. సాక్షిని నేనే. ఏమనుకోకండి."

ఎల్లేశం కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "తిన్నదా?"

"తిన్నది."

"ఏం తిన్నది ముందుగాల?"

"రొట్టె. రెంటిలో బాగా మాడింది ఒకటి ఉంది చూడండి, అది."

"అయితే సత్తవ్వే!" అన్నాడు ఎల్లేశం కూతురి భుజం పట్టి ఊపుతూ. "మంచిది నాకు పెట్టి మాడింది తను తినేది. ఎప్పుడు తిన్నది సార్? నేనేం మాటిస్తే దిగింది?"

సాలెం గుర్తు చేసుకున్నాడు. "మీరేం అనలేదు. నేనే, మనిద్దరం కూర్చుని చాయ్ తాగుదాం అన్నాను. అప్పుడు దిగింది."

ఎల్లేశం మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. బీడీ గురించి కాదు, బాసర గురించీ కాదు. తాను ఒంటరైపోయాడనే సత్తవ్వకున్న రంది అన్నమాట. బల్ల మీద చల్లారిన చాయ్ అందుకుని, సాలెంను పక్కన కూర్చోమని సైగ చేసి, రెండు గుక్కలు తాగాడు.

"నేరం ఒప్పుకుంటున్నారా?" అని పెద్ద అధికారి అడిగించాడు.

"ఒప్పుకుంట సార్, ఎందుకొప్పుకోను! జర మల్లొక్కసారి సదువుండ్రి, కాకి తిన్న కాడి నుంచి."

అంత ఇష్టంగా నేరం ఒప్పుకున్న మనిషిని ఆ స్టేషన్ అంతకుముందెన్నడూ చూడలేదు. జరిమానా మాత్రం తగ్గించలేదు.