మెరిసే టైర్లు

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. అక్కను కారులో ఎక్కించుకుని, ముందు సముద్రం చూపించి, ఆనక రైల్వేస్టేషన్లో దింపాలి. ఆవిడ ఇక దూరాన కూతురి దగ్గరే ఉండిపోతుంది. తమ్ముడింట్లో ఉన్నన్నాళ్ళూ ఆవిడ అడిగింది ఒక్కటే, కారులో సముద్రందాకా ఓ షికారు. అడిగినప్పుడల్లా తమ్ముడు "టైర్లు అరిగిపోతాయక్కా" అనేవాడు. వీధివీధంతా ఆయన్ని 'జాగ్రత్తగారు' అనటం ఊరికే కాదు.

ఆయన కారు ఎప్పుడూ షెడ్డులో ముసుగుతన్ని పడుకునే ఉంటుంది. ఆదివారం ఆదివారం ముసుగు తీసి, టైర్లకు బూట్ల పాలిష్ పట్టించి, మళ్ళీ కప్పేస్తాడు. కొని ఏళ్ళయినా గాడి ఒక్కటీ అరగలేదు.

"పాతబడ్డాయి కదరా, మార్చరాదూ?" అంది అక్క, సంచీ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంటూ.

"తిరగని టైరుకి వయసేంటక్కా!"

"కదలకుండా కూర్చుంటే వయసు ఆగుతుందిట్రా? నన్ను చూడు."

జాగ్రత్తగారు నవ్వేసి తాళం తిప్పాడు. కారు గేటు దాటిందో లేదో ముందు టైరు ఢామ్మంది. చెమటలు కక్కుతూ స్టెప్నీ బిగించి గాలి కొడితే, నేల ముఖం చూడని ఆ స్టెప్నీ అంతకంటే గట్టిగా పేలింది.

"గ్యాస్ బండ పేలిందర్రోయ్!" అని కేకపెట్టి, ఎదురింటి దర్జీ ఫైరింజన్‌కి ఫోన్ చేశాడు. లేచిన దుమ్ము చూసి పొగనుకుని, పక్కింటి మేడమీది కోడలు బట్టలు నానబెట్టిన సబ్బునీళ్ళు బకెట్‌తో సహా కుమ్మరించింది. పాలిష్ నల్లగా కారిపోయింది. దాని కింద టైర్లన్నీ ఎండిన చెరువులా నెర్రెలు విచ్చి ఉన్నాయి.

ఫైరింజన్ వచ్చి సందు నిండా నిలబడింది.

"మంటెక్కడ?"

"మంట లేదండీ, టైరు."

"టైరు అంటుకుందా?"

"అంటుకోలేదండీ, పేలింది."

"మరి బండ పేలిందన్నారే? వంటిల్లు చూపించండి."

వంటింట్లో బండ నిక్షేపంలా ఉందని వాళ్ళు తేల్చుకునేలోగా జాగ్రత్తగారి మనసు కరిగింది. రైలు తప్పితే తప్పనీ. ఇవాళే కొత్త టైర్లు వేయిద్దాం, రేపు అక్కని సముద్రానికి తీసుకెళ్దాం, ఎల్లుండి కూడా తీసుకెళ్దాం. ఆ మాట చెబుదామని చిన్నపిల్లాడిలా బయటికి పరిగెత్తాడు.

ముందు సీటు ఖాళీగా ఉంది.

"మీ అక్కగారు సందు చివరిదాకా నడిచెళ్ళి ఆటో ఎక్కేశారండీ," అన్నాడు దర్జీ. "మిమ్మల్ని కంగారుపెట్టొద్దన్నారు. రైలుకి ఇంకా టైముందిగా, సముద్రం మీదుగా పోనివ్వమన్నారు."

సముద్రం ఆటోకి ఎప్పుడూ అంతే దగ్గర, కావాలంటే ఆవిడ ఏనాడో వెళ్ళొచ్చేది. అక్క ఇన్నాళ్ళూ ఎదురుచూసింది తమ్ముడి కోసం. ఆ ముక్క జాగ్రత్తగారికి తట్టేసరికి పక్కన వినేవాళ్ళు లేరు.

సాయంత్రమే నాలుగు కొత్త టైర్లు వేయించాడు. ఎక్కేవాళ్ళు లేక అవీ అరగలేదు.