గోల తగ్గని పుస్తకం

ఆ ఉదయం గ్రోజ్దానా రెండే పనులు పెట్టుకుంది. ఒకటి, పొయ్యిలో గొర్రెపిల్ల మాంసం మాడకుండా చూసుకోవడం. రెండోది, బెల్‌గ్రేడ్ నుంచి వచ్చే ఎడిటర్‌ని నోరెత్తకుండా చేసి పంపడం.

తగాదా అంతా ఆవిడ బొమ్మల పుస్తకం గురించి. ఊళ్లో చిన్నపిల్లల బడి నడిపి నడిపి రిటైరయ్యాక, ఖాళీగా కూర్చోలేక తన పెరట్లోని జీవాల బొమ్మలు గీసింది. ఒక్కొక్కదాని అరుపునూ పేజీ నిండా పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. మొదటి పేజీలో కోడిపుంజు, దాని పేరు జనరల్. తర్వాత బాతులు, పంది, చివర్న గాడిద. అచ్చు వేస్తామన్న సంస్థవాళ్లు చూసి, పుస్తకం బాగుందిగానీ గోల ఎక్కువైందన్నారు. పిల్లల్ని నిద్రపుచ్చే పుస్తకాలకే ఈ రోజుల్లో గిరాకీ అట. పుంజు కాస్త మెల్లగా కూయకూడదా, గాడిద కళ్లు మూసుకుని పడుకోకూడదా అని ఫోన్లో అడిగారు.

"మెల్లగా కూసే పుంజుని మా ఊళ్లో కూర వండుకుంటాం" అని గ్రోజ్దానా ఫోన్ పెట్టేసింది. దాంతో వాళ్లు మాట్లాడి ఒప్పించడానికి ఎడిటర్‌నే పంపుతున్నారు. అదీ సరిగ్గా సెయింట్ జార్జి రోజున.

సెయింట్ జార్జి రోజు ఆ ఇంటి స్లావా, అంటే తాతలనాటి నుంచి వస్తున్న ఇంటి పండగ. స్లావాకి ఎవరినీ పిలవరు. వచ్చినవాళ్లని ఎందుకొచ్చారని అడగరు. గుమ్మం దాటినవాడికి నిలబెట్టే ఓ చెంచా తీపి గోధుమ ముద్ద, ఓ గుక్క రకియా అనే పళ్ల సారా, ఆపైన కుర్చీ. మొగుడు మిలిసావ్‌కి ఈ మర్యాదల పట్టింపు మరీ ఎక్కువ. వచ్చినవాళ్లని పేరడిగినా ఇంటి పరువు పోతుందనుకుంటాడు.

"ఆ ఎడిటరొస్తే ఏం చేస్తావే?" అన్నాడు, సీసాలు తుడుస్తూ.

"పుస్తకం చదివి వినిపిస్తా. ఒక్క అరుపు తగ్గించను."

"చుట్టాల ముందా?"

"చుట్టాలతో కలిసి."

మొదట ఒక బక్కపల్చని అమ్మాయి వచ్చింది. నోరు తెరవబోయిందో లేదో, మిలిసావ్ అందులో గోధుమ ముద్ద పెట్టేశాడు. చాచక్‌లోని మిలిసావ్ పెదనాన్నగారి కొత్త కోడలై ఉంటుందని గ్రోజ్దానా అనుకుంది. అడిగితే బాగుండదు కదా.

"రా తల్లీ, ఈ పళ్లేలు కాస్త కడిగిపెట్టు."

"నేను అసలు వచ్చింది..."

"మనింట్లో సిగ్గేమిటి?" అని గ్రోజ్దానా ఆ పిల్ల నడుముకి ఏప్రన్ కట్టేసింది.

ఇల్లు చుట్టాలతో నిండాక టై కట్టుకున్న ఓ మనిషి తోలు సంచితో వచ్చాడు. గ్రోజ్దానా చిర్నవ్వు కూడా నవ్వకుండా గడ్డం ఎత్తి నిలబడింది. శత్రువు దిగాడు.

నిజానికి ఆయన పేరు రాదిశా, మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు. పక్కనే వేసవి ఇల్లు కొనుక్కున్న ద్రాగుతిన్ అనే బెల్‌గ్రేడ్ పెద్దమనిషి, తెల్లారకముందే జనరల్ కూతకి తన నిద్ర పాడవుతోందని ఫిర్యాదు చేశాడు. ఆ కూత ఎంత గట్టిగా ఉందో కొలిచే యంత్రం ఆ సంచిలో ఉంది.

"అమ్మా, నేను ఆ పుంజు గోల గురించి..."

"తెలుసు. ముందు కూర్చుని తినండి. తిన్నాకే యుద్ధం."

ఆయన తిన్నాడు. తాగాడు. వద్దన్నకొద్దీ మిలిసావ్ గ్లాసు నింపాడు. చివరికి గుర్తొచ్చి యంత్రం తీసి బల్ల మీద పెట్టాడు.

"రికార్డు చేసుకోండి, నాకేం భయం?" అంది గ్రోజ్దానా.

"ఆ కూతని కాస్త తగ్గించే మార్గమేమైనా..."

"లేదు."

"పోనీ పొద్దెక్కాక..."

"పుంజు ఎప్పుడు కూయాలో బెల్‌గ్రేడ్ చెప్పక్కర్లేదు. అయినా అసలు గోల పుంజుది కాదు, చివర్లో వచ్చే గాడిదది."

"గాడిద కూడా ఉందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు నీరసంగా. ఫిర్యాదులో గాడిద ఊసే లేదు.

గ్రోజ్దానా పుస్తకం తెరిచి బడిలో పంచినట్టే వేషాలు పంచింది. చుట్టాలంతా బాతులు. మిలిసావ్ పంది. ఏప్రన్ కట్టుకున్న అమ్మాయి గాడిద. టై కట్టుకున్నాయన జనరల్.

"నేను ప్రభుత్వ..."

"మీరెవరైనా సరే, గట్టిగా కూయండి."

మొదట సన్నగా కూశాడు. రెండోసారి ఆయనలోని పల్లెటూరి పిల్లవాడు ఎక్కడినుంచో లేచాడు. కొక్కొరొకో అని ఆయన కూసిన కూతకి బల్ల మీది పండగ కొవ్వొత్తి రెపరెపలాడింది, ఆయన కళ్లు చెమర్చాయి. బాతులు క్వాక్ క్వాక్‌మన్నాయి, పంది గుర్రుమంది. చివర్లో ఆ బక్కపల్చని అమ్మాయి కళ్లు మూసుకుని ఓండ్ర పెట్టింది. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ దాగిందో ఎవరికీ అర్థం కాలేదు.

అప్పుడే ద్రాగుతిన్ కోపంతో ఊగిపోతూ తలుపు తోసుకొచ్చాడు. "ఇది ఇల్లా, పశువుల సంతా..." అనేలోపు మిలిసావ్ ఆయన నోట్లో గోధుమ ముద్ద పెట్టాడు. గుమ్మం దాటాడు మరి. అది మింగి చూసేసరికి, ఇన్‌స్పెక్టరు కుర్చీ మీద నిలబడి చేతులు రెక్కల్లా ఆడిస్తున్నాడు.

"రాదిశా గారూ, నేను ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదు చేశానా, కోడికి చేశానా?"

ఇన్‌స్పెక్టరు రెక్కలు దించేశాడు.

"ఇన్‌స్పెక్టరా?" అంది గ్రోజ్దానా. "మరి ఎడిటరేరి?"

గాడిద మెల్లగా చెయ్యెత్తింది. "నేనేనండీ. నెవెనా. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు అందులో ఏదో ఒకటి పెడుతున్నారు."

గ్రోజ్దానా మొహం కందిపోయింది. ఎడిటర్‌తో అంట్లు తోమించింది. పుస్తకం ఇక అచ్చు కాదని ఆవిడకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అయినా మళ్లీ గడ్డం ఎత్తింది.

"పళ్లేలు కడిగించినందుకు క్షమించు తల్లీ. పుస్తకానికి మాత్రం క్షమాపణ లేదు. నోరు మూసుకోమని పిల్లలకి చెప్పడానికి లోకం నిండా జనం ఉన్నారు. అరవమని చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. మీరు అచ్చు వెయ్యకపోతే చేత్తో రాసి ఇంటింటికీ పంచుతా."

నెవెనా పుస్తకం తీసుకుని చివరి పేజీ చూసింది. "గాడిద పేజీ నాకు నచ్చలేదు" అంది బొంగురుపోయిన గొంతుతో.

ఆ పేజీ మీద వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ గొంతు చాలదు. నేను అరిచినప్పుడు కిటికీ అద్దం కదిలింది. గాడిదకి రెండు పేజీలివ్వండి. పుంజుని ముట్టుకోవద్దు. ఆఫీసులో ఎవరైనా కాదంటే మళ్లీ ఓండ్ర పెడతాను."

గ్రోజ్దానా ఆ పిల్లని గట్టిగా కావలించుకుంది.

"మరి నా నిద్ర సంగతి?" అన్నాడు ద్రాగుతిన్.

ఇన్‌స్పెక్టరు టై సవరించుకుని, యంత్రం పట్టుకుని పెరట్లోకి నడిచాడు. అందరూ వెనకే వెళ్లారు. జనరల్ బండి కింద నక్కి, తల రెక్కలో దూర్చుకుని వణుకుతోంది. ఎంతసేపు నిలబడినా కిక్కురుమనలేదు.

"గోల ఉన్నమాట నిజమే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కానీ ఫిర్యాదు చెయ్యాల్సింది ఈ పుంజు."

భయం తీరక జనరల్ మర్నాడు తెల్లవారుజామున కూడా కూయలేదు. లేపే కూత లేక పొద్దెక్కేదాకా నిద్రపోయిన ద్రాగుతిన్‌కి బెల్‌గ్రేడ్ బస్సు తప్పిపోయింది.