ఎర్ర సుద్ద

ఆదివారం పొద్దున ఇడ్లీలు దించగానే పిల్లను కూర్చోబెట్టి, భోజనాల వేళకల్లా అక్షరాల పని తేల్చెయ్యాలని ఉషశ్రీ అనుకుంది. బుధవారం ఇంటర్వ్యూ. ఉద్యోగానికి కాదు, ఎల్‌కేజీకి. నాలుగేళ్ల సాయి ప్రియకు. బడిలో చేరితే అక్షరాలు నేర్పుతారని లోకం అనుకుంటుంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మూడు బోర్డులు కట్టుకున్న శేషారత్నం మేడమ్ గారి బడిలో మాత్రం అక్షరాలు వచ్చిన పిల్లల్నే చేర్చుకుంటారు. వంట చేసుకొచ్చిన వాళ్లకే భోజనం పెట్టే హోటల్ లాంటిది. అందుకే దానికంత గిరాకీ.

ఉషశ్రీ చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. పెళ్లి కుదిరింది, పుస్తకాలు అటకెక్కాయి. బ్యాంకులో చేతికి ఫారం ఇస్తే ఇప్పటికీ ఆమె అరచేతులు తడుస్తాయి. ఆ తడి ప్రియకు అంటకూడదు. మేడమ్ బడిలో సీటు రాలేదో, పిల్ల బతుకు కూడా అటకెక్కినట్టే.

"పలక మీద ఒక్క అక్షరం రాయదండీ ఇది!" అంది భర్తతో.

"రాస్తుందిలేవే," అన్నాడు గిరీష్ పేపరు దించకుండా.

"మీకేం, డిగ్రీ చదివారు. నిదానంగానే ఉంటారు."

ఫోనులో చూసిన వీడియోలో ఒకావిడ, కళ్లజోడు సర్దుకుంటూ, పలక పాత పద్ధతి అని తేల్చేసింది. రంగు సుద్ద చేతికిచ్చి, విశాలమైన చోట, కనపడిన ప్రతిదానికీ మొదటి అక్షరం రాయించాలట. ఆవిడ వెనకాల గోడ మాత్రం తళతళలాడుతోంది. ఉషశ్రీ అదే మాట ప్రియకు చెప్పి, సుద్దల పెట్టె ఇచ్చి, "మన గోడ మీద గీత పడిందంటే తాట తీస్తా," అని చెప్పి, పప్పుకి పోపు పెట్టడానికి వెళ్లింది. విశాలమైన చోటు ఏదో చెప్పలేదు. పిల్లే వెతుక్కుంది.

సాయంత్రానికి వీధి గుండె ఆగినంత పనైంది. నాలుగు గేట్ల మీద ఎర్రటి గుర్తులు! కాలనీ ప్రెసిడెంటు బసవేశ్వరరావు కాలనీ వాట్సప్ గ్రూపులో వాటి ఫొటోలు పెట్టి, దొంగల ముఠా బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగిందని ప్రకటించాడు. ఏ రైలో కూడా చెప్పాడు. ఆయన రిటైరయ్యాక ఇంత సంతోషంగా ఎవరూ చూడలేదు.

అదే వీధిలో ఉండే శేషారత్నం మేడమ్ తన గేటు ముందు నిలబడి గుర్తును పరీక్షించింది. "ఇది కోడ్. బాగా చదువుకున్న దొంగలు," అంది. ముప్పై ఏళ్లుగా బడి నడుపుతున్నావిడ మాట కాదనేదెవరు? ఎదురింటి మధుసూదన్ తన గేటు మీదిది కొడవలి అన్నాడు. బసవేశ్వరరావు తన గేటు మీదిది బంగారు బిందె అన్నాడు. అది అందరూ వినేలా రెండుసార్లు అన్నాడు.

సోమవారం పొద్దున పక్కింటి నాగూర్‌బీ పిట్టగోడ మీదుగా తొంగిచూసింది. "ఏమ్మా ఉషా, నాది కూడా గీకిపోయారు సచ్చినోళ్లు. మీ గేటు మీద ఏం లేదేంటి?"

"ఏమో పిన్నీ, మా ఇంట్లో ఏముందని!"

"అదే మంచిది కాదమ్మా. గుర్తులు పెట్టేవాళ్లు సొంతింటికి పెట్టుకోరు కదా అంటున్నారు గ్రూపులో."

ఉషశ్రీ గబుక్కున లోపలికొచ్చి తలుపేసుకుంది. ఈ మాట మేడమ్ చెవిన పడితే బుధవారం ఇంటర్వ్యూ ఏం కాను?

మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తుండగా సుద్దల పెట్టె తీసింది. ఎర్ర సుద్ద సగానికి అరిగి ఉంది. ఎందుకు అరిగిందో ఆలోచించే తీరిక భయానికి ఉండదు. బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, బసవేశ్వరరావు గేటు మీది బిందెను తన గేటు మీదికి దించడం మొదలుపెట్టింది.

"దొరికింది!"

కానుగ చెట్టు చాటు నుంచి బసవేశ్వరరావు విజిల్ ఊదాడు. నిమిషంలో వీధి నిండిపోయింది. భోజనానికొచ్చిన గిరీష్ బనీనుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"స్టేషనుకి ఫోన్ చేస్తున్నా," అన్నాడు మధుసూదన్.

"అయ్యో బాబాయిగారూ, నాకేం తెలీదండీ! నా గేటుకే లేదని భయమేసి..."

శేషారత్నం మేడమ్ పెదవి విరిచింది. "ఇలాంటి ఇళ్ల పిల్లల్ని మేం తీసుకోమమ్మా. బుధవారం రానక్కర్లేదు."

ఉషశ్రీ చేతిలో సుద్ద ముక్క తడిసింది. అప్పుడు ప్రియ కళ్లు నులుముకుంటూ వచ్చి తల్లి కొంగు లాగింది.

"అమ్మా, తప్పు రాశావు. అది మనది కాదు. 'బ', ఆ తాతయ్యది."

వీధి నోరు తెరిచింది. బసవేశ్వరరావు ముందుగా తేరుకుని మురిసిపోయాడు. "బ! బసవేశ్వరరావు తాతయ్య! బంగారు తల్లి!"

"కాదు. బడాయి తాతయ్య."

"ప్రియా!" అంది ఉషశ్రీ. ఏది కనపడితే దాని మొదటి అక్షరం రాయమంది తనే. ఏ ఇంటికి ఏ పేరో వంటింట్లో రోజూ చెప్పిందీ తనే.

ప్రియ వేలు మధుసూదన్ గేటు వైపు తిరిగింది. "న. నస అంకుల్." గిరీష్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "స. సమోసా అమ్మమ్మ."

"నా తల్లే!" అంది నాగూర్‌బీ. ఆమె ఒక్కతే మర్యాదగా బయటపడింది.

"ద. దండుకునే మేడమ్."

వీధిలో ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో మేడమ్‌కి కనిపిస్తూనే ఉంది. తాను కోడ్ అన్నది అక్షరమని తేలినందుకు మొహం ఎర్రబడాలో, ఆ అక్షరం ఏ పేరుదో తేలినందుకో ఆవిడ తేల్చుకునేలోపు, ప్రియ మళ్లీ అంది.

"మేడమ్ గేటుకి లోపలి వైపు ఇంకోటి కూడా రాశా. చెప్పనా?"

"ఇంటర్వ్యూ అయిపోయింది!" అంది శేషారత్నం మేడమ్ గబగబా. "పిల్ల బ్రిలియంట్. సీటు ఇచ్చేశాం. ఇంకేం చదవక్కర్లేదమ్మా, వెళ్లి ఆడుకో." మేడమ్ వెనకే వీధి కూడా జారుకుంది. నాలుగిళ్ల దగ్గర కాకపోయినా మూడిళ్ల దగ్గర బకెట్ల చప్పుడు వినిపించింది.

ఉషశ్రీ మెట్టు మీద కూలబడింది. సీటు వచ్చింది. సిగ్గు కూడా వచ్చింది, అది తర్వాత చూసుకోవచ్చు.

ప్రియ తల్లి చేతిలోని సుద్ద తీసుకుని, గేటు మీది సగం బిందెను గౌను అంచుతో తుడిచింది. నాలుక బయటపెట్టి, పట్టి పట్టి, కింద వత్తుతో సహా ఒక అక్షరం రాసింది.

"ఇది మనది. భ."

"భ అంటే ఏంటే?" అంది ఉషశ్రీ, లోపల గుబులుగానే.

"భయం అమ్మ."

వీధిలోని గుర్తులన్నిటిలోకీ అదొక్కటే ఎవరైనా చూడగానే చదవగలిగేలా వచ్చింది.