వాచిన చెయ్యి చేసిన మేలు

వాపును తిట్టకండమ్మా! పిల్లలు గల ఇంట అది తప్పకుండా ఉండవలసిన వస్తువని నా అభిప్రాయం. ఐదో తరగతి దాకా చదివినదాన్ని, ఊరికే అనను.

మా పుష్పకుమారికి తొమ్మిదేళ్లు. పోయిన నెల పులికాటు సరస్సు ఒడ్డున వలలోంచి చేపలు విడదీస్తుంటే అరచేతిలో జెల్లచేప ముల్లు దిగింది. నెత్తురు చుక్క చూడగానే నాకు ధనుర్వాతం కనిపించింది. నాకు తుమ్ములో కూడా క్షయ కనిపిస్తుంది, అది వేరే సంగతి. వాళ్ల నాన్న చిన్నపోలయ్య ముల్లు లాగి, దాని వంక చూడకుండానే నీళ్లలోకి విసిరేశాడు.

"లాగేసినా గదా, ఇంకేముండాది?" అన్నాడు.

"అమ్మా, లోపల ఇంకా గుచ్చతా ఉండాది," అంది పిల్ల.

భయపడితే అలాగే ఉంటుంది, ఊరుకోమన్నాను. భయం గురించి నాకంటే తెలిసినవాళ్లెవరు?

మర్నాటికి చెయ్యి బూరెలా పొంగింది. ఇక చూడండి దాని మహిమ! ఏడాదిగా మా గడప తొక్కని ఆడబిడ్డ పరుగెత్తుకొచ్చింది. గంజి తాగే ఇంటికి కోడిగుడ్లు వచ్చాయి. పక్కింటి మస్తానమ్మక్క చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వేసింది. ఎదురింటి ఆదెయ్య మామ అది కడిగించి ఉమ్మెత్తాకు కట్టాడు. ఆ రెండూ చాలవేమోనని నేను చుట్టూ సున్నం పూశాను. రీసెర్చి అంటే ఇదే కదా? పట్నంలో ఎలుకల మీద చేస్తారట. మాకు పిల్లలున్నారు!

మా ఆయన పద్ధతి మరీ సైంటిఫిక్కు. వల అల్లే దారంతో రోజూ పొద్దున అరచెయ్యి చుట్టూ కొలిచి, అందినచోట ముడి వేసేవాడు. మూడోరోజు దారం అరంగుళం మిగిలింది.

"తగ్గిపోయిందే," అని ముడి నా మొహం ముందు ఊపాడు.

తగ్గక ఏం చేస్తుంది? ఆదెయ్య మామ కట్టు అంత బిగించాడు. ఆ వాపు కాస్తా లేచి మోచేతికి పోయింది. అక్కడ మా ఆయన కొలవలేదు.

నాలుగోరోజుకు పిల్ల ఒళ్లు కాలిపోతోంది. చెయ్యి తీసేస్తారేమో, తీసేస్తే జడ ఎలా అల్లుకుంటుంది, పెళ్లిలో తలంబ్రాలు ఎలా పోస్తుంది? ఆస్పత్రికని బస్సెక్కి, దిగేలోగా దాని ముసలితనం దాకా ఏడ్చేశాను.

ఆస్పత్రిలో డాక్టరు గారు కట్టు విప్పించి, మా వైద్యమంతా కడిగించారు.

"వాపు శత్రువు కాదమ్మా. ఒంట్లోకి రాకూడనిదేదో చొరబడితే నెత్తురు అక్కడికి కాపలాకు పరుగెత్తుతుంది. ఆ ఎరుపూ వేడీ నొప్పీ ఆ పోరాటమే. లోపల ఏముందో వెతికారా?"

దారం కొలతలు చెప్పబోయిన మా ఆయన్ను ఆయన ఆపి, పిల్లవైపు తిరిగారు. "ఎక్కడమ్మా?" అన్నారు. అది వేలు పెట్టి చూపింది. సరిగ్గా అక్కడే కోశారు. చీముతోపాటు వడ్లగింజంత ముల్లుమొన బయటపడింది. పెనిసిలిన్ సూదులు వేశారు. చెయ్యి దక్కింది.

వాపు గొప్పతనం ఇప్పటికైనా ఒప్పుకుంటారా? పిల్ల ఒంట్లో నెత్తురుకు ఆ పూటే తెలిసిన సంగతి కన్నతల్లికి నాలుగు రోజులకు తెలిసింది. అదీ డాక్టరు గారు అడిగితే! మా బోటి తల్లులున్న ఇళ్లలో వాపు కూడా లేకపోతే పిల్లల గతేం కాను?